డ్యూటీ క్యారేజీ

అప్పలనర్సమ్మ చేతి పులిహోరకి వంక పెట్టిన మనిషి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ముప్ఫై ఏళ్ళుగా పుట్టలేదు. పుట్టినా ఆవిడ ఎదర నోరు విప్పేంత గుండె వాడికి ఉండేది కాదు. విజయనగరం వైపు నుంచి తాతల నాడే రైలు పనికి వచ్చి, తార్‌బహార్‌లోనూ ఆ చుట్టుపక్కల క్వార్టర్లలోనూ పాతుకుపోయిన తెలుగు కుటుంబాలవి. ఏటా వైశాఖంలో అంతా కలిసి అమ్మవారి పండగ చేసుకుంటారు. ఆ పండగకి నైవేద్యం పులిహోర అప్పలనర్సమ్మది. ఎవరూ తీర్మానం చేయలేదు, ఎవరూ కాగితం మీద రాయలేదు. సూర్యుడు తూర్పున వస్తాడని ఎవరైనా రాసి పెట్టుకుంటారా?

అలాంటి చేతి మీద ఈ ఏడు మచ్చ పడింది. సరిగ్గా పండగకి పదిహేడు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం.

ఆవిడ కొడుకు శివాజీ గూడ్స్ బండ్లు నడిపే లోకో పైలట్. మెయిల్ బండ్లకి ప్రమోషన్ వచ్చింది. నలుగురినీ పిలిచి భోజనం పెడదామనుకుంటే ఆ నలుగురూ నలభై మంది అయ్యారు. కోడలు తనూజ హిందీ స్కూల్లో టీచరు. "అత్తయ్యా, ఈ గర్మీలో ఇంతమందికి మీరొక్కరే ఎలా చేస్తారు? బాహర్ నించి తెప్పిద్దాం, టెన్షన్ ఉండదు" అంది. స్టేషన్ రోడ్డులో కొత్తగా తెరిచిన జల్‌పంఛీ రెస్టారెంటుకి పులావ్, పనీర్ కూర, పాలు మరగకాచి చేసే తీపి రబ్డీ ఆర్డరు ఇచ్చారు. ఆ రెస్టారెంటు ముందు అద్దాలు, అద్దాల వెనక చేపల తొట్టె, తలుపు తీయడానికి తలపాగా మనిషి. బయట పల్లకీల మోత సరే, లోపల ఏ మోతో మనకేం తెలుసు.

"మీరేటి తెప్పించుకుంటారో తెప్పించుకోండి. పులిహోర మాత్రం నేనే చేస్తాను. కొడుకు ప్రమోషన్‌కి పులిహోర బయట్నించి వస్తే మీ మావ ఫొటోలోంచి దిగొచ్చి అడుగుతాడు" అంది అప్పలనర్సమ్మ.

పదకొండు గంటలకి శివాజీ ఫోన్ మోగింది. నాగ్‌పూర్ వైపు మెయిల్ ఎక్కవలసిన పైలట్‌కి జ్వరమట, స్పేర్‌లో ఉన్నవాడు శివాజీయే. తన విందు తను ముట్టకుండానే బ్యాగు భుజాన వేసుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు. రైల్వే ఇళ్ళలో ఇది వింత కాదు. పెళ్ళిలో పెళ్ళికొడుకు ఉంటే చాలు, మిగతావాళ్ళు ఉన్నా లేకపోయినా ముహూర్తం ఆగదు.

పన్నెండు దాటాక జల్‌పంఛీ వ్యాను వచ్చి గిన్నెలు దింపింది. ఇంకా ఒక్క విస్తరి పరవలేదు. అప్పలనర్సమ్మ నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ తీసి, అడుగు గిన్నెలో పులిహోర, దాని మీద పులావ్, ఆపైన పనీర్ కూర, పై గిన్నెలో రబ్డీ పెట్టింది. మూత బిగించి ఫ్రిజ్‌లో అడుగున దాచింది. డ్యూటీ మీద ఉన్నవాడి వాటా ముందు తీయాలి, తరవాతే చుట్టాలైనా, రాజులైనా.

ఈ పద్ధతి ఆవిడ పెట్టిందే. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఇంటి నిండా బంధువులు. భర్త అప్పలకొండ గూడ్స్ గార్డు. రెండు రోజుల డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి గిన్నెల్లో అడుగంటిన మాడు తప్ప ఏమీ లేదు. ఆయన చెంబుడు నీళ్ళు గటగటా తాగి, నవ్వి, పడుకున్నాడు. ఆ గటగట ఆవిడ చెవిలో ఇంకా ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా ఉంది. ఫ్రిజ్ నిండా ఈ డబ్బాలేమిటి అత్తయ్యా అని తనూజ విసుక్కున్నప్పుడల్లా ఆవిడ వినిపించుకోకపోవడానికి కారణం అదే.

భోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. తెలుగు సంఘం సెక్రటరీ శంకరరావు పులిహోర మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆయన రైల్వేలో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు, సుగర్ మనిషి. ఆయన నోటికి కాపలా ఆయన భార్య ఉషారాణి. రబ్డీ గ్లాసులు వరసలోకి రాగానే చెయ్యి అడ్డం పెట్టి, "మా ఆయనకి వద్దు. మూడేళ్ళయింది తీపి చుక్క ముట్టి" అని నలుగురికీ వినపడేలా చెప్పింది. శంకరరావు తపస్సులో ఉన్న మునిలా కళ్ళు దించుకున్నాడు. ఆ కళ్ళు దించుకోవడమే తరవాత కొంప ముంచింది.

సాయంత్రం అయిదింటికి పక్క క్వార్టరు పిల్ల వాంతి చేసుకుంది. అయిదున్నరకి తనూజ. దీపాల వేళకి ఇరవై రెండు మంది. రైల్వే ఆసుపత్రి వరండాలో సగం తార్‌బహార్ బెంచీల మీద వాలిపోయింది. డాక్టరమ్మ ఓపిగ్గా అందరికీ ఒకటే చెప్పింది. ఓఆర్‌ఎస్ నీళ్ళు గుక్కగుక్కగా తాగుతూ ఉండండి, ఒకేసారి వద్దు. విరేచనాలు ఆపే మాత్రలు మీకు మీరే కొనుక్కుని మింగకండి. జ్వరం ఎక్కినా, రక్తం పడినా, మూత్రం తగ్గినా పరుగెత్తుకు రండి. చీటీల మీద 'ఫుడ్ పాయిజనింగ్' అని రాసి, ఎవరెవరు ఏం తిన్నారో కూడా పక్కన రాసింది. ముగ్గురు పెద్దవాళ్ళకి సెలైను ఎక్కించారు. అందులో ఒకడు శంకరరావు.

పులిహోరా, రబ్డీ రెండూ తిన్నవాళ్ళు పడ్డారు. రబ్డీ ముట్టని వాళ్ళు, పాలు పడని వాళ్ళు, ఉపవాసం ముసలమ్మ, ఆఖర్న గిన్నె అడుగున పులిహోర గీరుకుని తిన్న అప్పలనర్సమ్మ, అందరూ దుక్కల్లా ఉన్నారు. లెక్క తేలిపోయినట్టే. ఒక్క శంకరరావు దగ్గర అడ్డం తిరిగింది. తీపి ముట్టని మనిషి ఎందుకు పడ్డాడు?

మర్నాడు పొద్దున్న తనూజ గోడ పట్టుకుని లేచి, బిల్లు వెతికి పట్టుకుని, జల్‌పంఛీకి ఫోన్ చేసింది. పదింటికల్లా యజమాని కారులో దిగాడు. తెల్ల చొక్కా, వేళ్ళ నిండా ఉంగరాలు. 'మాతాజీ' అంటూ వంగి నమస్కారం పెట్టి, మెత్తగా, హిందీలో, కత్తి దింపాడు. మా రబ్డీ మీద అనుమానమా? మీ సెక్రటరీ సాబ్ రబ్డీ ముట్టలేదు కదా, ఆయనకెందుకు సెలైను? పొద్దున్నే అన్నం వండి ఈ ఎండలో అంతసేపు ఉంచింది ఎవరు మాతాజీ?

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు. కానీ ఆ మద్దెల మాట జనానికి ఎక్కింది. మధ్యాహ్నం ఉషారాణి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"నిన్ను అంటన్నానని కాదు వదినా. మా ఆయన పులిహోరే తిన్నారు. తీపి జోలికి పోలేదు. అందరూ చూసేరు. మరి నువ్వే చెప్పు" అంది.

"పులిహోర కట్టుకుని మన వాళ్ళు రెండేసి రోజులు రైళ్ళలో పోతారు ఉషా. చింతపండు పులుసు పట్టిన అన్నం పూటలో పాడైపోతాదేటి?" అంది అప్పలనర్సమ్మ.

"ఏమో వదినా. వయసు మీద పడతాంది కదా, ఎక్కడో చెయ్యి..."

ఉషారాణి ఆ మాట పూర్తి చేయలేదు. పూర్తి చేస్తే బాగుండేది, తిట్టడానికైనా వీలుండేది. సాయంత్రానికి సంఘం వాళ్ళ ఫోన్ గ్రూపులో, హిందీ అక్షరాల్లో రాసిన తెలుగులో, ఒక కబురు వచ్చింది. తనూజ చదివి, చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పింది. ఈసారి నైవేద్యానికి అరటిపళ్ళు చాలట. వండే పదార్థాలు వద్దట. పంపింది సెక్రటరీ.

అప్పలనర్సమ్మ వంటింట్లోకి పోయి, తాలింపు గరిటె తీసి చూసి, మళ్ళీ మేకుకి తగిలించింది. ఆవిడకి ఏడుపు రాలేదు. చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముప్ఫై ఏళ్ళు ఊరికి తిండి పెట్టిన చేతులు, ఒక్క పూటలో ఎవరివో పరాయి చేతుల్లా అయిపోయాయి.

ఆ వేళకి శివాజీ డ్యూటీ దిగి వచ్చాడు. దారిలో ఫోన్లో సంగతంతా విన్నాడు గానీ కడుపు వినదు కదా. కాళ్ళు కడుక్కుని, అలవాటు ప్రకారం, తిన్నగా ఫ్రిజ్ తలుపు తీసి క్యారేజీ అందుకున్నాడు.

"దాన్ని ముట్టుకోకురా" అంది అప్పలనర్సమ్మ. ఆ గొంతుకి శివాజీ ఎర్ర సిగ్నల్ చూసిన బండిలా ఆగిపోయాడు.

ఆవిడ క్యారేజీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఈ గొడవలో దాని సంగతి ఎవరికీ గుర్తులేదు, ఆవిడకే గుర్తులేదు. ఆ నాలుగు గిన్నెల్లో నిన్నటి విందు మొత్తం ఉంది. ఎవరి చెయ్యీ పడకముందు, ఎవరి విస్తరీ చూడకముందు తీసింది. జల్‌పంఛీవాడు మిగిలింది ఈపాటికి పారబోసి గిన్నెలు తోమేసి ఉంటాడు. ఇది మాత్రం మూత విప్పకుండా ఉంది.

తనూజకి నీరసం ఎగిరిపోయింది. "అత్తయ్యా, ఇది సబూత్, రుజువు. ఫుడ్ సేఫ్టీ వాళ్ళకి ఇప్పుడే కంప్లయింట్ పెడతాను. బిల్లు ఉంది, డాక్టరు చీటీలు ఉన్నాయి, ఇదీ ఉంది" అని ఫోన్ తీసింది.

శివాజీ తల గోక్కున్నాడు. "అమ్మా, రబ్డీ ఒక్కటే ఇద్దామే. పులిహోర ఎందుకు ఇరికించడం? ఏదైనా అటూ ఇటూ అయితే గవర్నమెంటు ముద్రతో నీ పేరు పోతాది. ఇప్పుడంటే ఉత్తి మాటలే."

ఆ మాట ఆవిడకి తగిలింది. భయం లేదని ఎవరన్నారు? ఆ రోజు అన్నం ఆరబోసిన పళ్ళెం తడిగుడ్డతో తుడిచిందా, పొడిగుడ్డతోనా? కలిపేటప్పుడు మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళి వచ్చి, చేతులు కడుక్కుందా? అరవై నాలుగేళ్ళ బుర్ర, నిజంగానే ఏదైనా మర్చిపోయిందేమో.

"ఒకటి దాచి ఒకటి ఇస్తే దాన్ని సాక్ష్యం అనరు, దొంగతనం అంటారు. నాలుగూ ఇచ్చెయ్యి. నా చెయ్యి తప్పయితే అది ముందు నాకే తెలియాలి. అప్పుడు వాళ్ళు వద్దనక్కర్లేదు, నేనే గరిటె దించేస్తాను" అంది.

మంగళవారం పొద్దున్నే ఆఫీసరమ్మ వచ్చింది. సాహూ మేడమ్, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు, మనిషి సన్నం, చూపు పదును. చేతులకి తొడుగులు వేసుకుని, నాలుగు గిన్నెల్లోంచి నాలుగు సీసాల్లోకి విడివిడిగా తీసి, సీలు వేసి, ఐసు పెట్టెలో సర్దింది. అంతా రాసి సంతకాలు తీసుకుంది. కోర్టులో ఇది ఎంతవరకు నిలుస్తుందో తరవాతి మాట, ఏది చెడిందో మాత్రం ఇది చెప్తుంది అంది. వెళ్తూ వెళ్తూ, ఎవరూ తినకముందే ఇంత శుభ్రంగా తీసి పెట్టాలని మీకెవరు చెప్పారని హిందీలో అడిగింది.

"డ్యూటీవాళ్ళ ఇళ్ళమ్మా మావి. వాళ్ళ వాటా ముందు తీస్తాం" అంది అప్పలనర్సమ్మ తన వచ్చీరాని హిందీలో.

ఆఫీసరమ్మ అటు నుంచి అటే జల్‌పంఛీకి పోయింది. చేపల తొట్టె దగ్గర ఆగకుండా తిన్నగా వంటింట్లోకి నడిచిందట. అక్కడ మూతల్లేని పాల గిన్నెలు, ఈగలు, రబ్డీ తిప్పే మనిషి వేలికి చీముకారే పుండు, దాని మీద మసిగుడ్డ కట్టు. అక్కడి సరుకూ సీసాల్లోకి ఎక్కింది. రిపోర్టుకి రెండు వారాలు పడుతుందన్నారు.

ఆ రెండు వారాలూ ఎలా గడిచాయో అప్పలనర్సమ్మకే తెలియాలి. కుళాయి దగ్గర మాటలు ఆవిడ రాగానే ఆగిపోయేవి. ఎదురింటి వాళ్ళు ఆవిడ పంపిన పప్పుగిన్నె తీసుకున్నారు, తిన్నారో లేదో ఖాళీ గిన్నె చెప్పదు. శంకరరావు మాత్రం విచిత్రంగా ఉన్నాడు. బుధవారీ బజార్లో ఆవిడ కనబడగానే గుమ్మడికాయల దొంగలా భుజం తడుముకుని, బీరకాయలు బేరమాడుతున్నవాడు సగం బేరంలో వదిలేసి ఇంకో సందులోకి దూరిపోయాడు. ఆ కబురు పంపినవాడు కదా, మొహం చెల్లక అనుకుంది ఆవిడ. అనుకుని, కొట్టువాడితో రెండు కిలోల కొత్త చింతపండు తూయమంది. ఎందుకమ్మా అంత అని వాడడిగితే, "పండగ వస్తాంది కదేటి" అంది.

పండగ ముందు రోజు సాయంత్రం షామియానా కింద సంఘం వాళ్ళంతా చేరారు. అమ్మవారికి పసుపు రాసి, గరగ కుండలు కడిగి పెట్టారు. ఓ పక్క అరటి గెలలు దిగాయి. అప్పలనర్సమ్మ కూడా వెళ్ళి ఒక మూల కూర్చుని మామిడాకులు గుచ్చుతోంది. అప్పుడు తనూజ స్కూటీ దిగి, చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా, ఫోన్ ఎత్తి పట్టుకుని జనం మధ్యలోకి వచ్చింది.

"అందరూ వినండి. రాయ్‌పూర్ ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. పులావ్, సాఫ్. పనీర్, సాఫ్." అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఆగిందెందుకో గానీ అప్పలనర్సమ్మ చేతిలో మామిడాకు నలిగిపోయింది. "పులిహోర ఏకదమ్ సాఫ్. విషం రబ్డీలో ఉంది. మనింటి సీసాలో, వాళ్ళ వంటింటి సీసాలో, రెంటిలోనూ అదే. వంటవాడి పుండులోంచి పాలల్లోకి దిగిందట. జల్‌పంఛీ వంటింటికి ఇవాళ తాళం పడింది."

షామియానా కింద తేనెపట్టు కదిలినట్టయింది. ఒకరు చప్పట్లు, ఒకరు నాలిక్కరుచుకోవడం, ఒకరు నేను ముందే చెప్పలేదా అనడం. ముందే చెప్పినవాళ్ళు మన దేశంలో తర్వాతే కనబడతారు. అప్పలనర్సమ్మ లేచి నిలబడింది. మామిడాకులు ఒళ్ళోంచి జారిపోయాయి. ఆవిడ ఎవరివైపూ చూడలేదు, తిన్నగా శంకరరావు వైపు చూసింది. లెక్క ఆవిడకి అప్పుడు తేలింది.

"శంకర్రావూ, రబ్డీ తిన్నవాళ్ళే పడ్డారట. నువ్వెలగ పడ్డావు నాయనా?" అంది. గొంతు పెంచలేదు. "అమ్మవారి ఎదర ఉన్నావు. ఉన్నదున్నట్టు చెప్పు."

శంకరరావు కుడితిలో పడ్డ ఎలుకలా ఒకసారి అమ్మవారిని, ఒకసారి ఉషారాణిని చూశాడు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ భయపడాలో తేల్చుకోలేకపోయాడు. ఆఖరికి చేతులు జోడించాడు, అప్పలనర్సమ్మకి.

"చేతులు కడుక్కోడానికి మీ పెరట్లోకి ఎళ్ళేను వదినా. రబ్డీ బకెట్టు అక్కడే ఉంది. ఎవరూ లేరు. చిన్న గ్లాసే కదాని..."

"ఒక గ్లాసా?" అంది ఉషారాణి.

"రెండు" అన్నాడు శంకరరావు. కాసేపాగి, "రెండున్నర" అన్నాడు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే పిల్లికి వచ్చే నష్టం లేదు. ఈయన కళ్ళు మూసుకుని తాగిన పాలకి ఒక ఆడమనిషి రెండు వారాలు తల దించుకుంది. ఆ మాటే ఉషారాణి ఇంకా ఘాటుగా, ఇంకా పొడుగ్గా, మొగుడి ఏడు తరాలనీ కలుపుకుని అంది. అని, వచ్చి అప్పలనర్సమ్మ రెండు చేతులూ పట్టుకుంది. అప్పుడు ఉషారాణి ఏడ్చింది. వయసు గురించి తను అన్న మాట తనకే గుర్తొచ్చి ఏడ్చింది.

"వదినా, ఆ అరటిపళ్ళు ఆవులకి పెట్టించేస్తాను. నువ్వు పులిహోర చెయ్యాలి. కోపం ఉంటే నన్ను కొట్టు గాని కాదనకు. రేపటికి చింతపండూ అదీ ఇప్పుడే బేగి తెప్పిస్తాను."

"చింతపండు పొద్దున్నే నానబెట్టేసేను" అంది అప్పలనర్సమ్మ.

రిపోర్టు వచ్చింది సాయంత్రం నాలుగింటికి. ఆవిడ నానబెట్టింది పొద్దున్న ఆరింటికి. తనూజ ఫోను కిందకి దించి అత్తగారి వంక చూసింది, ఆవిడని కొత్తగా చూస్తున్నట్టు.

మర్నాడు పండగ. జల్‌పంఛీ యజమాని క్షమించమంటూ మనిషి చేత ఒక స్వీట్ బాక్సు పంపాడు. బుర్ర ఉందో లేదో ఆ యజమానికి. అప్పలనర్సమ్మ దాన్ని గుమ్మం దాటనివ్వకుండా, కంప్లయింటు వెనక్కి తీసుకునేది లేదనీ, ముందు ఆ వంటవాడిని ఆసుపత్రికి తీసుకెళ్ళమనీ కబురు చెప్పి తిప్పి పంపింది. నాలుగు పొయ్యిల మీద అన్నం ఉడికింది. పులుసు కాగింది, ఇంగువ పడింది, ఆ వాసన షామియానా దాటి, పట్టాలు దాటి అవతలి క్వార్టర్ల దాకా పోయి అందరినీ పిలుచుకొచ్చింది. డప్పుల మధ్య నైవేద్యం పెట్టారు. తరవాత జనం దొన్నెలు పట్టుకుని వరస కట్టారు. ముందు వరసలో దొన్నె పట్టుకుని నిలబడింది డాక్టరమ్మ. ఆవిడ రెండోసారి కూడా వచ్చింది. ప్రతి దొన్నెలోకీ తన చేత్తోనే వడ్డించింది అప్పలనర్సమ్మ, ఒక్కరికీ గరిటె అప్పగించలేదు.

శంకరరావు వరసలోకి రాలేదు. షామియానా చివరి గుంజ దగ్గర నిలబడి, ఎవరూ అడక్కుండానే స్కూటర్లు సర్దిస్తున్నాడు. ఎండకి చెమటలు కారుతున్నాయి. పులిహోర అడుగుకి వచ్చేసింది.

"అమ్మా, అయిపోతాంది. డ్యూటీలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు శివాజీ.

"ఉన్నాడొకడు. వాడి వాటా ముందే తీసేను" అని అప్పలనర్సమ్మ బల్ల కిందనుంచి నాలుగు గిన్నెల క్యారేజీ తీసి ఇచ్చింది. "గుంజ దగ్గర ఉన్నాడు. ఇచ్చిరా."

శంకరరావు క్యారేజీ రెండు చేతులతో అందుకున్నాడు. ఉషారాణి వచ్చి పక్కన నిలబడి మూత విప్పింది. అడుగు గిన్నెలో పులిహోర, దాని మీద గిన్నెలో పులిహోర, ఆపైన కూడా పులిహోరే. అన్నిటికన్నా పై గిన్నె, రబ్డీ పెట్టే గిన్నె, తళతళా తోమి, ఖాళీగా ఉంది.